జపాన్ పెట్టెలోని పుస్తకానికి నేను వేసిన పచ్చ స్టిక్కర్

లీసెస్టర్‌లో మాస్టర్స్ చదువుతున్న సౌమ్య అనే అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. పిల్లల లైబ్రరీలో ప్లేస్‌మెంట్ వచ్చిందట. “ఆంటీ, బొమ్మల పుస్తకాల్లో వేరే దేశాలవాళ్లని కరెక్ట్‌గా చూపించారా లేదా అని మీరు చెక్ చేసేవారంట కదా. జపాన్ పుస్తకాలకి మీ దగ్గర చెక్‌లిస్ట్ ఉందని విన్నా. నాకు పంపరా, ప్లీజ్?” అంది.

ఉండేది. నాలుగు పేజీల చెక్‌లిస్ట్, నేనే తయారుచేశాను. చించి పారేశాను. ఆ మాట చెబితే ఆంటీ జోక్ చేస్తోందనుకుని ఆ పిల్ల నవ్వింది. జోక్ కాదు తల్లీ. చెక్‌లిస్ట్ బదులు అది ఎందుకు చించేశానో రాసి పంపుతానన్నాను. ఇదిగో, రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్లు, మీటింగులు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు. నేను ఒక పుస్తకం గురించి, ఒక తల్లీకూతుళ్ల గురించి, నా తప్పు గురించి మాత్రమే రాస్తాను.

పని అంటే ఏమిటి

వరంగల్‌లో లైబ్రరీ సైన్స్ చదివి, పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం మూలంగా స్విండన్ వచ్చాను. 2008లో అక్కడ ప్రైమరీ స్కూళ్లకు పుస్తకాల పెట్టెలు అరువిచ్చే ఒక చిన్న సంస్థలో చేరాను. 2019లో రిటైరయ్యేదాకా అక్కడే. పేరు చెప్పను, అది ఇప్పుడు లేదు కూడా. డైనోసార్ల పెట్టె, సముద్రం పెట్టె, ఇండియా పెట్టె, జపాన్ పెట్టె, ఇలా ఒక్కో అంశానికి ఒక్కో ప్లాస్టిక్ పెట్టె. టీచర్ అడిగితే ఒక టర్మ్‌కి ఇస్తాం.

పరదేశాల పెట్టెల్లోకి ఏ పుస్తకం వెళ్లాలో తేల్చేది నేను. నేను సరేనన్న పుస్తకం వెనక అట్ట మీద ఒక పచ్చ స్టిక్కర్ అతికించి, దాని మీద నా పొడి అక్షరాలు రాసేదాన్ని. ఇందులోని ఆచారాలు, దుస్తులు, తిండి అన్నీ తెలిసినవాళ్లు చూసి సరిగా ఉన్నాయన్నారు అని ఆ స్టిక్కర్ అర్థం. తెలిసినవాళ్లు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తల దగ్గర దీపం

నాకా పని ఎలా వచ్చిందో చెప్పాలి. చేరిన మొదటి ఏడాది ఇండియా పెట్టెకోసం ఒక కొత్త పుస్తకం వచ్చింది. బొమ్మలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. చివరి పేజీలో ఒక పాప చాప మీద పడుకుని నిద్రపోతుంటుంది. తల దగ్గర నేల మీద ఒక్క మట్టి ప్రమిద వెలుగుతుంటుంది. నాకు గుండె గుభేలుమంది. మన ఇళ్లల్లో మనిషి తల దగ్గర నేల మీద దీపం ఎప్పుడు పెడతారో ఎవరికి తెలియదు? గీసినాయనకు తెలియదు. వెలుగు బాగా పడుతుందని పెట్టేశాడు.

మా బాస్ పమేలా ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూసింది. “దీపమే కదా, అందంగా ఉందే” అంది.

“పమేలా, ఆ పాప చచ్చిపోయింది. మా ఊళ్లో ఏ అమ్మమ్మకైనా చూపించు, పుస్తకం విసిరికొడుతుంది” అన్నాను.

పమేలా చెడ్డ మనిషి కాదు. నా మాట విని ఆ పుస్తకం వెనక్కి పంపింది. కానీ ఆ రోజునుంచీ ఆవిడ దృష్టిలో నేను ఆసియా మొత్తానికీ పెద్ద దిక్కునైపోయాను. చైనా పెట్టె నాకే, జపాన్ పెట్టె నాకే. “మీ వైపు దేశాలే కదా, నీకు పట్టుబడతాయి” అనేది. వరంగల్‌కీ జపాన్‌కీ మధ్య ఎన్ని సముద్రాలున్నాయో ఆవిడకు పట్టలేదు. నాకు మాత్రం పట్టిందా? లేదు. కాదనడానికి నోరు రాలేదనుకోకు. పొంగిపోయాను. ఆఫీసులో నలుగురి ముందూ నన్ను ఎక్స్‌పర్ట్ అని పిలుస్తుంటే ఎవరికి చేదు?

వాన కురవని జపాన్

అప్పుడు ఆ నాలుగు పేజీల చెక్‌లిస్ట్ తయారుచేశాను. పుస్తకాలు చదివి, ఇంటర్నెట్ వెతికి, రెండు నెలలు కష్టపడ్డాను. అది అంత పనికిమాలినదేమీ కాదు, న్యాయంగా చెప్పాలి. ఎన్నో చెత్త పుస్తకాలను ఆపింది. జపాన్ పిల్లల నెత్తిన చైనా టోపీలు పెట్టిన పుస్తకం, మొహాలన్నీ ఒకే అచ్చులో పోసి కళ్ల బదులు రెండు గీతలు గీసిన పుస్తకం, అన్నం గిన్నెలో వాళ్లు తినే పుల్లలు నిలువుగా గుచ్చిన పుస్తకం. అలా గుచ్చేది చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలోనే అని చదివాను కాబట్టి ఆ ఒక్కటీ పట్టుకున్నాను. ఆ రోజు ఎంత మిడిసిపడ్డానో చెప్పలేను.

మిగిలిన పుస్తకాల సంగతి కూడా చెబుతాను, ఇప్పటికీ పెద్దగా మారలేదు. వాటిలో జపాన్ అంటే ఎప్పుడూ పూలు పూసే కాలమే. వాన పడదు, పడినా గొడుగు కాగితందే. ఎవరూ ఆఫీసుకు వెళ్లరు, ఎవరికీ జలుబు చేయదు, అమ్మలందరూ కిమోనో కట్టుకుని టీ పోస్తూ ఉంటారు. మా స్విండన్‌లోనేమో కార్ల తయారీ పనుల మీద వచ్చిన జపాన్ కుటుంబాలు చాలానే ఉండేవి. ఆ తండ్రులు పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. ఆ పిల్లలు అందరిలాగే సూపర్‌మార్కెట్ కార్డిగన్, అంటే ముందు గుండీలుండే స్వెట్టర్, వేసుకుని, ముక్కు కార్చుకుంటూ బడికి వచ్చేవాళ్లు. పుస్తకంలో పిల్లకూ వాళ్లకూ ఎక్కడా పొంతన లేదు. అది నేను చూశాను, రిపోర్టులో రాశాను కూడా. రాసి, అదే జపాన్ పెట్టెను అదే బడికి పంపాను.

పెన్సిల్‌తో రాసిన చీటీ

ఆ పెట్టెలో అందరికీ నచ్చిన పుస్తకం ఒకటుండేది. ఒక చిన్నపిల్ల కిమోనో కట్టుకుని ఉత్సవానికి వెళ్తుంది, అంతే కథ. పన్నెండో పేజీలో ఆ పిల్ల నిలువెత్తు బొమ్మ. నీలం బట్ట, ఎర్ర నడికట్టు, ప్రతి మడతా కనిపించేలా గీశారు. చెక్‌లిస్ట్ ప్రకారం అన్నీ చూశాను. టోపీ లేదు, కళ్లు కళ్లలాగే ఉన్నాయి, పాదరక్షలు సరిగానే ఉన్నాయి. పచ్చ స్టిక్కర్ అతికించాను.

2010 చివర్లో ఒక స్కూల్ నుంచి ఆ పెట్టె తిరిగి వచ్చింది. టీచర్లూ తల్లిదండ్రులూ అభిప్రాయాలు రాయడానికి ప్రతి పెట్టెలోనూ చీటీలు పెట్టేవాళ్లం. ఈసారి ఒక చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలు, పెన్సిల్‌తో. “బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి. మా పాపకు ఈ పుస్తకం ఎంతో ఇష్టం. పన్నెండో పేజీలో అమ్మాయి దుస్తుల గురించి ఒక చిన్న సందేహం. బహుశా నేనే పొరబడ్డానేమో. మీ శ్రమకు కృతజ్ఞతలు.” కింద ఒక జపాన్ పేరు, మిచికో.

పన్నెండో పేజీ తీసి చూశాను. నాకేమీ కనిపించలేదు. రంగు సంగతేమో, ఆవిడే పొరబడ్డానేమో అంటోంది కదా అనుకున్నాను. టీ వేళ పమేలా ఆ చీటీ పైకి చదివి, “చూశారా, జపాన్ ఆవిడే మెచ్చుకుంది” అంది. అందరూ నా వైపు చూసి చప్పట్లు కొట్టారు. చీటీని మెప్పుల ఫైల్లో పెట్టేశాను.

చిన్న సందేహం అన్న ఆ మాట ఒక తల్లి ఎంత జంకుతూ, ఎంత మర్యాదగా రాసిందో నాకు తెలియలేదు. మనవాళ్లు అయితే “ఏందమ్మా ఈ దరిద్రం” అని మొహం మీదే అంటారు. అలా అంటేనే నా చెవికెక్కుతుంది.

హాల్లో జరిగింది

2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చింది. మే నెలలో అదే స్కూల్ వాళ్లు, సంతాపంగా జపాన్ వారం జరుపుతాం, పెట్టె మళ్లీ పంపండి అన్నారు. నేనే కారులో వేసుకెళ్లి ఇచ్చాను. ఆ కిమోనో పుస్తకాన్ని పైన కనబడేలా పెట్టాను కూడా.

వారం చివరి రోజు పమేలాకు ఆ స్కూల్ హెడ్ ఫోన్ చేసింది. తర్వాత క్లాస్ టీచర్‌తో నేను మాట్లాడాను. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఏడుస్తూనే చెప్పింది.

ఆ క్లాసులో యుయి అనే ఆరేళ్ల జపాన్ పాప ఉంది. చీటీ రాసిన మిచికో కూతురే. అసెంబ్లీలో కిమోనో కట్టుకుని నిలబడాలని ఇంటినుంచి బ్యాగులో తెచ్చుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీచర్ పన్నెండో పేజీ ఎదురుగా తెరిచి పెట్టుకుని, బొమ్మలో ఉన్నట్టే పాపకు కట్టింది. యుయి ఒకసారి, “అమ్మ ఇలా కాదు, అటువైపునుంచి కడుతుంది” అందట. టీచర్ పుస్తకం వెనక్కి తిప్పి పచ్చ స్టిక్కర్ చూపించింది. “చూడు, తెలిసినవాళ్లు చెక్ చేశారు” అంది. పాప ఊరుకుంది.

కిమోనో ముందు భాగంలో రెండు అంచులు ఒకదాని మీద ఒకటి వస్తాయి, కట్టుకున్నవాళ్ల ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది ఒక్క శవానికే. ఆ పుస్తకంలో కుడి అంచు పైన ఉంది. ఎందుకంటే గీసినావిడ సరిగానే గీస్తే, పిల్ల మొహం తర్వాతి పేజీ వైపు ఉంటే బాగుంటుందని డిజైన్ చేసినవాళ్లెవరో బొమ్మను అద్దంలోలా తిప్పేశారు. ఇది ప్రచురణకర్తలు తర్వాత తాపీగా రాసిన సంగతి.

మిచికో అసెంబ్లీ చూడటానికి వచ్చింది. హాలు నిండా తల్లిదండ్రులు. స్టేజీ మీద కూతురు శవానికి కట్టినట్టు కట్టిన బట్టల్లో, నవ్వుతూ నిలబడి ఉంది. ఆవిడ అరవలేదు. కుర్చీల మధ్యనుంచి నేరుగా నడిచి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, నడికట్టు విప్పి, అంచులు మార్చి మళ్లీ కట్టింది. ఆ తర్వాత ఆరేళ్ల పిల్లను చంటిబిడ్డలా ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. తల్లి బట్టలు సర్దుతోందనుకుని హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు.

మిచికో అమ్మ జపాన్‌లో సముద్రం పక్కనున్న ఊళ్లో ఉండేది. మార్చినుంచీ ఆమె జాడ లేదు.

పమేలా ఉత్తరం

ఆ సాయంత్రం మెప్పుల ఫైల్లోంచి చీటీ తీసుకెళ్లి పమేలా బల్ల మీద పెట్టాను. చదివింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చీటీని నా వైపు జరిపింది.

“దీని సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు. పుస్తకం వెనక్కి తెప్పించేద్దాం. ఎవరినైనా నొప్పించి ఉంటే చింతిస్తున్నాం అని ఉత్తరం రాద్దాం” అంది.

“ఉంటే ఏమిటి పమేలా? నొప్పించాం కదా.”

“ఇది బయటపడితే స్కూళ్లు మనల్ని నమ్మవు. నీ ఉద్యోగం ఒక్కటే కాదు, ఇక్కడ అందరి ఉద్యోగాలూ పోతాయి.”

చీటీని నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. ఉత్తరం వెళ్లింది. ఆ ‘ఉంటే’ అనే ముక్కతో సహా వెళ్లింది. ఈ వృత్తిలో నేను చూసినంతలో బాసులు అబద్ధం ఆడమని ఎప్పుడూ అనరు. ఒక కాగితం పక్కన పెట్టమంటారు, అంతే. పెట్టేది మనమే.

టీ తాగి వచ్చేశాను

ఉత్తరం చాలదనిపించి, టీచర్ ద్వారా అడిగించి మిచికో ఇంటికి వెళ్లాను. చేతిలో ఏం పట్టుకెళ్లాలో తెలియలేదు. ఏ పువ్వుకు ఏ అర్థం ఉందో, ఏ రంగు అశుభమో! భయపడి ఉత్త చేతులతోనే వెళ్లాను.

సన్నగా, నలభైలోపు ఉంటుంది. ముందుగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పుస్తకం పాస్ చేసింది నేనేనని, క్షమించమని అన్నాను. ఆవిడ తల వంచి, “మీకు ఎలా తెలుస్తుంది? పర్వాలేదు” అంది. తర్వాత తనే మెల్లగా చెప్పుకొచ్చింది.

“మా అమ్మ దొరకలేదు. దొరికితే నా చేతులతో ఆ బట్టలు కట్టేదాన్ని. కట్టలేకపోయాను. ఆ రోజు హాల్లోకి వెళ్లేసరికి అదే కట్టు మా యుయి ఒంటి మీద ఉంది. కంగారులో, చచ్చిపోయినవాళ్లకే ఇలా కడతారని దాని ముందే అనేశాను. అనకుండా ఉండాల్సింది.”

ఆ పాప ఇప్పుడు స్కూల్ కార్డిగన్ వేసుకోనంటోందట. ఆడపిల్లల కార్డిగన్‌కి గుండీలు పెడితే కుడి అంచే పైకి వస్తుంది. అది ఇంగ్లీషు బట్ట, దానికీ దీనికీ సంబంధం లేదని తల్లి ఎంత చెప్పినా వినడం లేదు. చివరికి ఎడమ అంచు పైకి వచ్చే మగపిల్లల కార్డిగన్ కొనాల్సి వచ్చింది. రోజూ గుండీలు పెట్టుకుని అద్దం ముందు నిలబడి, “ఇది బతికున్నవాళ్లదే కదా?” అని అడుగుతుందట.

“తప్పు నాదే. పోయిన ఏడాదే చూశాను ఆ బొమ్మ. చీటీ రాశాను. కానీ నా ఇంగ్లీష్ బాగుండదు, మరీ మెత్తగా రాశాను. ఎవరికీ అర్థమై ఉండదు. ఎవరూ చదివి ఉండరు కూడా. నేను గట్టిగా చెప్పి ఉంటే ఇలా జరిగేది కాదు” అంది మిచికో.

చీటీ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. చెప్పడానికే తీసుకెళ్లాను. బ్యాగ్ తెరవలేదు. టీ తాగాను, కప్పు కింద పెట్టాను, వెళ్తానని లేచాను. ఆవిడ వాకిలిదాకా వచ్చి తల వంచి సాగనంపింది.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాను. మా ఆయన చూశాడు.

“గట్ల కూసున్నవేంది? చెప్పినవా ఆమెకు?”

“చెప్పలే.”

“చెప్పకుంటే ఎట్ల? ఆమె తనదే తప్పనుకుంటున్నది గద.”

“పమేలా వద్దన్నది.”

“పమేలా సంగతి పక్కకు పెట్టు. నీకు భయమైంది, గంతే” అన్నాడు. కోపం రావాలి నాకు. రాలేదు. నిజం కాబట్టి.

సౌమ్యా, నీకు చెప్పవలసింది

ఆ పుస్తకం ప్రతులన్నీ నేనే ఏరి వెనక్కి పంపాను. చెక్‌లిస్ట్ చించేశాను. రిటైరయ్యేదాకా మళ్లీ ఏ పుస్తకం మీదా స్టిక్కర్ అతికించలేదు. పమేలా కొన్నాళ్లు గొణిగింది, తర్వాత వదిలేసింది.

నీకు ట్రైనింగ్‌లో చాలా చెబుతారు. మూస బొమ్మలు పట్టుకో, పాతకాలపు చూపు పట్టుకో అంటారు. పట్టుకో, మంచిదే. కానీ నువ్వు తెల్లవాళ్లమధ్య ఒక్కదానివే గోధుమరంగు మనిషివి కాబట్టి నీ నెత్తిన ప్రపంచమంతా పెడతారు. అది గౌరవంలా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది. తల దగ్గర దీపం చూసి నా గుండె గుభేలుమంది చూడు, అది చెక్‌లిస్ట్ చెప్పింది కాదు, నేను పుట్టి పెరిగిన ఇల్లు చెప్పింది. జపాన్ బొమ్మ చూసినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. అనిపించకపోతే బొమ్మలో తప్పేమీ లేదని అర్థం చేసుకున్నాను. అదే నా పాపం.

ఇంకొక్క రోజు సంగతి చెప్పి ఆపేస్తాను.

జులైలో

జులైలో టీచర్ ఫోన్ చేసింది. మిచికో వాళ్లు వచ్చేవారం జపాన్ వెళ్లిపోతున్నారట, ఇక రారట. ఆవిడ ఆ నింద నెత్తిన వేసుకునే విమానం ఎక్కుతుందన్న మాట. శనివారం పొద్దున్నే వెళ్లాను. పమేలాకు చెప్పలేదు.

వాకిట్లోనే అట్టపెట్టెలు. మిచికో తలుపు తీసి, నన్ను చూసి నవ్వబోయింది. లోపలికి రమ్మనేలోపే చీటీ తీసి చేతిలో పెట్టాను.

“మీ చీటీ నాకు అందింది. అప్పుడే చదివాను. మీ ఇంగ్లీష్ బాగానే ఉంది. నేనే పక్కన పెట్టేశాను. పోయినసారి వచ్చినప్పుడు కూడా ఇది నా బ్యాగ్‌లోనే ఉంది. తప్పు మీది కాదు” అన్నాను.

ఆవిడ ఆ పెన్సిల్ అక్షరాలను చాలాసేపు చూసింది. పర్వాలేదు అనలేదు. తల వంచలేదు. లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది.

“టీచర్‌కి తను సరిగా చెప్పలేదనీ, అందుకే అలా జరిగిందనీ యుయి అనుకుంటోంది. నాకు చెప్పిన మాట దానికీ చెప్పండి” అంది.

యుయి వచ్చింది. జులైలో కూడా ఒంటి మీద మగపిల్లల కార్డిగన్, మెడదాకా గుండీలు. గడప మీద కూర్చున్నాను, దాని కళ్లకు సరిగ్గా నా కళ్లు వచ్చేలా. స్టిక్కర్ వేసింది నేనేనని చెప్పాను. నువ్వు సరిగానే చెప్పావు, టీచర్ నన్ను నమ్మి నీ మాట వినలేదు, నాకేమో అసలు తెలియదు అని చెప్పాను.

అది నన్ను ఎగాదిగా చూసింది. కోపంగా కాదు. ఇక్కడ పుట్టిన పిల్లల్లాగే గడగడా ఇంగ్లీషులో అడిగింది.

“నీకు తెలియకపోతే మరి మా అమ్మని ఎందుకు అడగలేదు?”

నేను మిచికో వైపు చూశాను.

“అమ్మ రోజూ గేటు దగ్గరే ఉంటుంది కదా. నువ్వు పెట్టె తెచ్చిన రోజు కూడా అక్కడే ఉంది. నీ చేతిలో పెట్టె ఉందని నీకోసం తలుపు తీసి పట్టుకుంది.”